ఎర్రమట్టి మీద రైలు కట్టిన ఊరు

బంగళాలు, క్వార్టర్లు, ఇన్‌స్టిట్యూట్లు, ఒక జైలు... ఖరగ్‌పూర్ పాత గోడల్లో ఉత్తరాంధ్ర చరిత్ర కూడా ఉంది. ఆ గోడలు కూలకముందే దాన్ని రాసుకోవాలి.

హౌరా మెయిల్‌లోనో కోరమాండల్‌లోనో కోల్‌కతా వెళ్ళే తెలుగువాళ్ళకు ఖరగ్‌పూర్ అంటే ఒక పెద్ద స్టేషను. ఇంజను ఆగిన చోటి నుంచి చివరి పెట్టె దాకా నడిస్తే కాళ్ళు పీకే ప్లాట్‌ఫారం. 1072 మీటర్ల పొడవున్న ఆ ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని పిల్లల జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఏళ్ళ తరబడి అచ్చయింది. 2013లో గోరఖ్‌పూర్ ఆ పేరు తీసుకుంది. 2023లో హుబ్బళ్ళి ఆ రెండింటినీ దాటింది. దొన్నెలో ఆలూదమ్ తిని మళ్ళీ రైలెక్కేసిన ప్రయాణికుడికి ఊరితో పరిచయం అక్కడితో అయిపోతుంది.

అసలు ఊరు స్టేషను బయట మొదలవుతుంది. ఒక వైపు చెట్ల నీడలో విశాలమైన ఆవరణలున్న బంగళాలు, ఇంకో వైపు ఒకదాన్నొకటి ఆనుకుని సాగే క్వార్టర్ల వరసలు. మధ్యలో చర్చీలు, బడులు, ఆస్పత్రి, ఆటస్థలాలు, గోల్‌బజార్. అన్నిటికీ నడిమధ్య వర్క్‌షాపు. మథురాకాటి, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్ వీధుల్లో నడిస్తే బెంగాలీ, హిందీ మాటల మధ్య శ్రీకాకుళం యాస వినిపిస్తుంది. వినిపించడంలో వింత లేదు. ఈ ఊరు పుట్టినప్పటి నుంచీ ఆ యాస ఇక్కడే ఉంది.

పట్టాలు ముందు, ఊరు తరవాత

ఖరగ్‌పూర్ చుట్టుపక్కల పాత జనావాసం లేకపోలేదు. ఇందా ప్రాంతంలోని ఖర్గేశ్వర శివాలయం రైలుకంటే చాలా ముందుది. ఊరి పేరు ఆ దేవుడి నుంచే వచ్చిందంటారు. పీర్ లోహానీ దర్గా కూడా పాతదే. కానీ ఈ రోజు మనం చూసే పట్టణం రైల్వే గీసిన ప్లాను ప్రకారం లేచింది.

1887లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఏర్పడింది. అందరి నోటా బీఎన్ఆర్. నాగ్‌పూర్ నుంచి తూర్పుకు పట్టాలు పరుచుకుంటూ వచ్చిన ఆ కంపెనీకి హౌరా చేరే దారి, కటక్ వైపు దిగే దారి, మిడ్నాపూర్ మీదుగా పైకి పోయే దారి కలిసే చోటు ఒకటి కావలసి వచ్చింది. మిడ్నాపూర్ జిల్లాలో వరదనీరు ఎక్కని ఎర్రమట్టి మెట్ట నేల దొరికింది. 1900 ఏప్రిల్‌లో రూప్‌నారాయణ్ నది మీద వంతెన తెరిచాక ఖరగ్‌పూర్‌కు హౌరాతో సూటి దారి ఏర్పడింది. అదే ఏడు ఆగస్టు 15న హౌరా-మద్రాసు మెయిల్ మొదలైంది. ఆ రోజుల్లోనే ఇక్కడ లేచిన వర్క్‌షాపు దేశంలోని అతి పెద్ద రైల్వే కర్మాగారాల్లో ఒకటిగా పెరిగింది.

మనవాళ్ళు ఇక్కడికి ఎలా వచ్చారు? జవాబు రైల్వే మ్యాపులోనే ఉంది. విజయవాడ నుంచి కటక్ దాకా తూర్పుతీర రైలుమార్గం 1893-96 మధ్య తెరుచుకుంది. కొన్నేళ్ళకు దాన్ని రెండుగా విడగొట్టారు. వాల్తేరు నుంచి దక్షిణం 1901లో మద్రాస్ రైల్వేకు పోయింది. వాల్తేరు నుంచి ఉత్తరం 1902లో బీఎన్ఆర్‌లో కలిసింది. అంటే విజయనగరం, శ్రీకాకుళం, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాల మీదుగా పోయే పట్టాలన్నీ ఖరగ్‌పూర్ వర్క్‌షాపు నడిపే కంపెనీవే అయ్యాయి. వానలు ఎగ్గొట్టి గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో కరువు కాటేసిన కాలం అది. పొట్ట చేతపట్టుకుని బయల్దేరిన ఉత్తరాంధ్ర కూలీకి రెండు దారులు కనిపించాయి. రేవులో ఓడెక్కితే రంగూన్. ఊరి పక్క స్టేషనులో రైలెక్కితే ఖరగ్‌పూర్.

రంగూన్ వెళ్ళినవాళ్ళ కథ రెండో ప్రపంచయుద్ధంతో తలకిందులైంది. వేలమంది నడిచి వెనక్కి రావలసి వచ్చింది. ఖరగ్‌పూర్ వెళ్ళినవాళ్ళు అక్కడే నిలబడ్డారు. కళాసీలుగా, గ్యాంగ్‌మెన్లుగా, ఫైర్‌మెన్లుగా, ఫిట్టర్లుగా చేరారు. తమ్ముణ్ణి పిలిచారు, బావమరిదిని పిలిచారు. ఒక ఇంట్లో మూడు తరాలు అదే వర్క్‌షాపు గేటులోంచి లోపలికి వెళ్ళాయి.

హోదాను బట్టి ఇటుక

బ్రిటిష్ కాలపు రైల్వే కాలనీ ప్లానులో ఎవరు ఎక్కడ ఉండాలో ముందే తేలిపోయేది. ఉద్యోగం, జీతం, ఒంటి రంగు ఈ మూడూ కలిసి ఇంటి కొలతను నిర్ణయించేవి. ఖరగ్‌పూర్‌లో పట్టాలకు దక్షిణాన, సౌత్‌సైడ్‌లో, దొరల బంగళాలు లేచాయి. ఎత్తైన కప్పులు, మందపాటి గోడలు, చుట్టూ కమానుల వరండాలు, ఎండను ఆపి గాలిని వదిలే చెక్కరెక్కల కిటికీలు. వంటిల్లు, నౌకర్ల గదులు అసలు ఇంటికి దూరంగా వెనకవైపు ఉండేవి. డ్రైవర్లు, గార్డులుగా పనిచేసే ఆంగ్లో-ఇండియన్లకు వాటి తరవాతి తరగతి ఇళ్ళు. కూలీ పనికి, చిన్న ఉద్యోగాలకు వచ్చిన తెలుగు, ఒడియా, బిహారీ కుటుంబాలకు వరస క్వార్టర్లు. ఒకటో రెండో గదులు, ముందు చిన్న అరుగు, వెనక చిన్న పెరడు.

ఆ చిన్న క్వార్టరే ఊరి బతుకును మోసింది. సొంతూరి నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన కుర్రాడు మొదట దిగేది మేనమామ క్వార్టరులోనే. రాత్రి అరుగు మీద పడుకునేవాడు, పగలు వర్క్‌షాపు గేటు దగ్గర నిలబడేవాడు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన మనిషి పగలు నిద్రపోవాలంటే ఇంటిల్లిపాదీ గొంతు తగ్గించి మాట్లాడాలి. పురుడైనా పెళ్ళైనా ఆ రెండు గదులే, ఆ పెరట్లో వేసిన పందిరే.

కట్టడం విద్యగా చూసినా ఈ క్వార్టర్లు తక్కువవి కావు. రైల్వే తన పాత ఇనుమును తన ఇళ్ళలోనే వాడుకుంది. అరిగిన పట్టాలను దూలాలుగా వేసి, వాటి మధ్య ఇటుకలతో చిన్న చిన్న కమానులు పేర్చి, పైన సున్నపు గచ్చు వేసే పద్ధతి రైల్వే కట్టడాల్లో దేశమంతటా కనిపిస్తుంది. ఇంజనీరు కాగితం మీద గీసిన ఆ పద్ధతిని చేత్తో నిలబెట్టింది తాపీమేస్త్రీలు, కూలీలు. వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

పబ్బు లేని ఊళ్ళో ఇన్‌స్టిట్యూట్

ఇంగ్లండులో ఒక సంత ఊరి చరిత్ర తెలుసుకోవాలంటే చర్చి తరవాత అందరూ చూపించేది పబ్బునే. రాజులు మారినా, వ్యాపారాలు మారినా, నాలుగైదు వందల ఏళ్ళుగా అదే చోట అదే పేరుతో నడిచే పబ్బులు అక్కడ ఉన్నాయి. సంతకు వచ్చిన రైతు, గుర్రబ్బండి తోలేవాడు, కమ్మరి, గుమాస్తా పక్కపక్కన కూర్చుని తాగిన చోటు కాబట్టి, ఊళ్ళో మామూలు మనుషుల జ్ఞాపకం అక్కడ పోగుపడింది.

స్విండన్ అనే ఊరు ఖరగ్‌పూర్‌కు అక్క వరస. అది కొండ మీది పాత సంత ఊరు. 1840ల్లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే కొండ కింది మైదానంలో వర్క్‌షాపు పెట్టి, పనివాళ్ళకు దాదాపు 300 రాతి ఇళ్ళు కట్టింది. ఆ వీధుల్లో ఒక పబ్బు పేరు గ్లూ పాట్, అంటే జిగురు కుండ. రైలు పెట్టెలు చేసే వడ్రంగులు పని విరామంలో జిగురు కుండలు వెంట తెచ్చి అక్కడి పొయ్యి మీద పెట్టుకునేవారని ఆ పేరు వచ్చిందంటారు. ఒక వృత్తి మొత్తం ఒక దుకాణం పేరులో బతికి ఉంది.

స్విండన్‌లో రైల్వే పనివాళ్ళు పబ్బుతో పాటు ఇంకోటి కట్టుకున్నారు. అదే మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్. 1855లో లేచిన ఆ భవనంలో గ్రంథాలయం, ఉపన్యాసాలు, నాటకాలు సాగాయి. ఆ ఆలోచనే ఓడెక్కి మన దేశం వచ్చి ‘రైల్వే ఇన్‌స్టిట్యూట్’ అయింది. వస్తూ వస్తూ ఒక గీత కూడా గీసుకుంది. తెల్లవాళ్ళకూ ఆంగ్లో-ఇండియన్లకూ ఒకటి, భారతీయులకు ఇంకొకటి. ఖరగ్‌పూర్‌లో నేటి సౌత్ ఇన్‌స్టిట్యూట్ ఆ రోజుల్లో యూరోపియన్ ఇన్‌స్టిట్యూట్. నేటి నార్త్ ఇన్‌స్టిట్యూట్ భారతీయ ఉద్యోగులది.

రైల్వే ఊళ్ళలో యూరోపియన్ ఇన్‌స్టిట్యూట్ అంటే బారు, బిలియర్డ్స్ బల్ల, నున్నగా తోమిన చెక్కనేల డ్యాన్స్ హాలు, శనివారం రాత్రి బ్యాండు. క్రిస్మస్‌కు బాల్ డ్యాన్స్, వారాంతాల్లో హౌసీ ఆట. హాలు బయట కాపలా కాసింది, లోపల పళ్ళేలు మోసింది మనవాళ్ళు. లోపలికి అతిథిగా వెళ్ళే హక్కు మాత్రం లేదు. ఇంగ్లండు పబ్బులో గుమాస్తా, కమ్మరి ఒకే కప్పు కింద కూర్చున్నారు. అదే ఇంగ్లిషువాళ్ళు ఇక్కడ ఆ కప్పును రెండు ముక్కలు చేశారు. ఖరగ్‌పూర్ ఇన్‌స్టిట్యూట్ల గురించి రాసేవాళ్ళు ఈ మాటను దాటవేయకూడదు. డ్యాన్సు హాలు అందాన్ని మాత్రమే చెప్పుకుంటే సగం చరిత్రే చెప్పినట్టు.

అలాగని ఆ హాల్లో పెరిగినవాళ్ళను పరాయివాళ్ళుగా తోసెయ్యడమూ న్యాయం కాదు. ఆంగ్లో-ఇండియన్లు ఈ రైళ్ళు నడిపిన మనుషులు. బిలాస్‌పూర్‌లో పుట్టిన లెస్లీ క్లాడియస్ ఫుట్‌బాల్ ఆడదామని బీఎన్ఆర్‌లో చేరాడు. 1946లో ఖరగ్‌పూర్‌లో, 1932 ఒలింపిక్ హాకీ విజేత డికీ కార్ ఆ కుర్రాడి చేతికి హాకీ స్టిక్ ఇచ్చాడు. రెండేళ్ళకే క్లాడియస్ లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన భారత జట్టులో ఉన్నాడు. 1948, 1952, 1956లలో స్వర్ణాలు, 1960లో రజతం. స్వాతంత్ర్యం తరవాత ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు చాలా వరకు ఇంగ్లండుకో ఆస్ట్రేలియాకో తరలిపోయాయి. వాళ్ళ చర్చీలు, బడులు, ఆటస్థలాలు ఊళ్ళో ఉండిపోయాయి. అదే ఊళ్ళో 2001 నుంచి రెండేళ్ళపాటు టికెట్ ఎగ్జామినరుగా పనిచేసిన మహేంద్రసింగ్ ధోని రైల్వే క్వార్టరులోనే ఉన్నాడు, రైల్వే మైదానాల్లోనే ఆడాడు.

గేటు ముందు నిలబడ్డ రోజులు

ఇన్‌స్టిట్యూట్ రెండుగా చీలిన ఊళ్ళో పనివాళ్ళు తమ సొంత సభాస్థలాన్ని వర్క్‌షాపు గేటు ముందే వెతుక్కున్నారు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు రెండుసార్లు స్తంభించింది. ఏడాది మొదట్లో జరిగిన సమ్మె ఒకటి. కంపెనీ పెద్ద ఎత్తున మనుషులను తీసేయబోతే సెప్టెంబరు నుంచి సాగిన పోరాటం రెండోది. ఈ పోరాటాల నాయకత్వంలో ఒక తెలుగువాడు ఉన్నాడు. బరంపురంలో 1894లో పుట్టిన వరాహగిరి వెంకటగిరి. బీఎన్ఆర్ కార్మిక సంఘాన్ని నడిపి, ఆలిండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకుల్లో ఒకరైన గిరి, తీసేసిన కార్మికుల కోసం అహింసా పద్ధతిలో సమ్మె నడిపించి కంపెనీని దిగివచ్చేలా చేశారు.

ఐర్లండులో న్యాయశాస్త్రం చదివి వచ్చిన మనిషి ఆయన. ఆయన ఎదుట నిలబడ్డ కార్మికుల్లో చాలామందికి సంతకం రాదు. కానీ వాళ్ళలో ఎందరితోనో ఆయన వాళ్ళ భాషలోనే మాట్లాడగలడు. సమ్మెకాలంలో జీతం ఆగితే పొయ్యి ఆరిపోతుంది. కంపెనీ క్వార్టరులో ఉంటూ కంపెనీ మీద పోరాడటమంటే తల మీది కప్పును పణం పెట్టడమే. అంత తెగువ ఆ రెండు గదుల ఇళ్ళలోంచి వచ్చింది. 1969లో గిరి రాష్ట్రపతి అయ్యారు. ఆయన పదవిలో ఉండగానే, 1974 మేలో, దేశ చరిత్రలోకెల్లా పెద్ద రైల్వే సమ్మె జరిగింది. ఖరగ్‌పూర్ నుంచి మిడ్నాపూర్ వెళ్ళే దారిలో మొదటి స్టేషను పేరు గిరి మైదాన్. ఆ పేరు చదివిన తెలుగువాడికి ఎవరు గుర్తొస్తారో వేరే చెప్పక్కర్లేదు.

హిజ్లీ: ఒకే భవనం, ఎన్నో జన్మలు

స్టేషనుకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, నడుమ ఎత్తైన గోపురంతో, రెండు వైపులా రెక్కలు చాచిన ఒక భవనం ఉంది. మిడ్నాపూర్ జిల్లాను చీల్చి కొత్తగా హిజ్లీ జిల్లా చేద్దామని బ్రిటిష్ ప్రభుత్వం అనుకున్నప్పుడు, దాని కార్యాలయాల కోసం కట్టించింది. జిల్లా రాలేదు. భవనం ఖాళీగా మిగిలింది.

1930లో దానికి మొదటి వాడుక వచ్చింది, నిర్బంధ శిబిరంగా. మామూలు జైళ్ళు చాలక, విచారణ లేకుండా నిర్బంధించిన బెంగాల్ విప్లవ యువకులను ఇక్కడ పెట్టారు. 1931 సెప్టెంబరు 16 రాత్రి పోలీసులు నిరాయుధులైన ఖైదీల మీద కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. సుభాష్ చంద్రబోస్ ఖరగ్‌పూర్ వచ్చారు. కలకత్తాలో జరిగిన నిరసన సభలో రవీంద్రనాథ్ ఠాగూర్ గొంతు కలిపారు.

యుద్ధకాలంలో శిబిరం మూతబడింది. 1944లో అమెరికా వైమానిక దళపు ట్వంటీయత్ బాంబర్ కమాండ్ ఖరగ్‌పూర్‌ను ప్రధాన కేంద్రం చేసుకుంది. చుట్టుపక్కల ఎర్రనేలల్లో పొడవాటి రన్‌వేలు లేచాయి. బీ-29 సూపర్‌ఫోర్ట్రెస్ విమానాలు యుద్ధంలో తొలి దాడికి ఈ ప్రాంతపు రన్‌వేల నుంచే బయల్దేరాయి. అది 1944 జూన్ 5, లక్ష్యం బ్యాంకాక్. నేటి కలైకుండా వైమానిక స్థావరం ఆ రన్‌వేల వారసత్వమే.

స్వాతంత్ర్యం వచ్చాక, దేశపు మొట్టమొదటి ఐఐటీని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు జవాబుగా ఈ భవనమే నిలిచింది. 1951 ఆగస్టు 18న మౌలానా ఆజాద్ ఆ సంస్థను ప్రారంభించారు. 1956 తొలి స్నాతకోత్సవంలో నెహ్రూ, ఒకప్పటి నిర్బంధ శిబిరం దేశ భవిష్యత్తుకు ప్రతీకగా మారిన సంగతినే ఎత్తి చెప్పారు. ఈనాడు అది హిజ్లీ షహీద్ భవన్. అందులో నెహ్రూ శాస్త్ర సాంకేతిక మ్యూజియం ఉంది.

ఆ భవనం ఈనాటికీ చెక్కుచెదరకుండా ఉందంటే దాని అందం వల్ల కాదు. ప్రతి కాలంలోనూ ఎవరో ఒకరు దానికి కొత్త పని ఇచ్చారు, పని ఉంది కాబట్టి సున్నం కొట్టారు, కప్పు బాగుచేశారు.

తెలుగు నిలిచిన చోట్లు

కంపెనీ కట్టనివి కూడా ఈ ఊళ్ళో ఉన్నాయి. మనవాళ్ళు నెలజీతంలోంచి చందాలు తీసి కట్టుకున్నవి అవి. బాలాజీ గుడి, తెలుగు చర్చీలు, తెలుగు చదువు చెప్పిన బడులు. గోల్‌బజార్‌లో పొద్దున్నే ఇడ్లీ, దోశె వేసే పెనాలు. ఏటా అమ్మవారికి చేసే మాతా పూజ, ఘటాలతో సాగే ఊరేగింపు. ఉత్తరాంధ్ర గ్రామదేవత రైలెక్కి వచ్చి బెంగాల్ వీధుల్లో తిరుగుతున్నట్టే ఉంటుంది. చూడటానికి బెంగాలీలూ వస్తారు. దసరాకు న్యూ సెటిల్‌మెంట్ రావణ మైదానంలో ఉత్తరాది పద్ధతిలో జరిగే దహనానికి తెలుగువాళ్ళూ వెళతారు. ఈ ఊరిని చిన్న భారతదేశం అంటారంటే ఇందుకే.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్రంలో అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. దాని వెనక ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ ఏళ్ళనాటి కోరిక ఉంది. నూరేళ్ళకు పైగా తెలుగులో బతికిన వీధులకు ప్రభుత్వం వేసిన ముద్ర అది. భాషకు దొరికిన ఆ గుర్తింపు ఆ భాష నిలిచిన ఇళ్ళకు ఇంకా దొరకలేదు.

వాడుకే ప్రాణం

రైళ్ళు డీజిల్‌కు, తరవాత కరెంటుకు మారాక వర్క్‌షాపులో మనుషుల అవసరం తగ్గింది. రిటైరైన కుటుంబాలు క్వార్టరు ఖాళీ చేసి సొంత ఇళ్ళకో, పిల్లలున్న ఊళ్ళకో వెళ్ళిపోతున్నాయి. మనిషి లేని క్వార్టరు ఎంతో కాలం నిలవదు. కప్పు చీలికలో రావి మొలుస్తుంది, కిటికీ రెక్కలు మాయమవుతాయి, చివరికి ప్రమాదకరమని కూల్చేస్తారు. బంగళాకు వారసత్వ కట్టడమన్న గౌరవం ఎప్పుడో ఒకప్పుడు దక్కుతుంది. క్వార్టరును అలా అడిగేవాళ్ళే లేరు.

స్విండన్ అనుభవం ఇక్కడే పనికొస్తుంది. అక్కడి పనివాళ్ళ రాతి ఇళ్ళకు 1960ల్లో కూల్చివేత ముప్పు వచ్చింది. ఊరి పురపాలక సంఘం వాటిని కొనుక్కుని, లోపల కాలానికి తగ్గట్టు మార్చి, మళ్ళీ మనుషులకు ఇచ్చింది. ఆ వీధులు ఈనాటికీ బతికే ఉన్నాయి. 1986లో మూతబడ్డ వర్క్‌షాపులో కొంత భాగం రైల్వే మ్యూజియమైంది. అదే ఏడు మూతబడ్డ మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్‌కు మాత్రం కొత్త వాడుక దొరకలేదు. చట్టం రక్షణ ఇచ్చినా ఆ గొప్ప భవనం దశాబ్దాలుగా పాడుబడి ఉంది. జిగురు కుండ పబ్బు నడుస్తూనే ఉంది. కాగితం మీద రక్షణ ఉంటే సరిపోదు, లోపల మనుషుల అలికిడి ఉండాలి.

అందుకే ఖరగ్‌పూర్ విషయంలో కోరవలసినవి పెద్ద కోరికలు కావు. మథురాకాటిలోనో నింపురాలోనో ఒక్క క్వార్టరు వరసను యథాతథంగా ఉంచి, అందులో కార్మికుల జీవితాన్ని చూపించే మ్యూజియం పెట్టడం రైల్వేకు అసాధ్యం కాదు. రెండు ఇన్‌స్టిట్యూట్ల కథనూ, వాటి మధ్య ఉన్న గీతతో సహా, ఆ గోడల మీదే ఇంగ్లిషు, హిందీ, బెంగాలీ, తెలుగు భాషల్లో రాయించవచ్చు. భవనాలను కొలిచి బొమ్మలు గీయడానికి ఎక్కడి నుంచో నిపుణులు రానక్కర్లేదు. ఐఐటీలోని వాస్తుశిల్ప విభాగం అదే ఊళ్ళో ఉంది. రైల్వే సర్వీసు రిజిస్టర్లలో ఏ ఊరి నుంచి ఎవరు వచ్చారో, ఏ పనిలో చేరారో రాసి ఉంటుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం విశ్వవిద్యాలయాల్లోని చరిత్ర విద్యార్థులకు అంతకంటే మంచి పరిశోధన అంశం దొరకదు.

ఆవిరి ఇంజన్ల కాలంలో బొగ్గు వేసిన చేతులు, సమ్మె రోజుల్లో పస్తులున్న తండ్రుల గురించి విన్న చెవులు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వాళ్ళ మాట రికార్డు చేయడానికి ఒక ఫోను చాలు, అడిగే మనిషి చాలు. పలాస నుంచి రైలెక్కితే ఒక రాత్రి ప్రయాణం. ఉత్తరాంధ్రలో చాలా ఇళ్ళకు ఖరగ్‌పూర్‌లో ఒక మామయ్యో పిన్నో ఉండే ఉంటారు. ఈ వేసవి సెలవులకు పిల్లల్ని తీసుకుని వెళ్ళండి. స్టేషనులో ఆగిపోకుండా ఊళ్ళోకి నడవండి. వాళ్ళ ముత్తాత పనిచేసిన గేటును, ఉన్న క్వార్టరును చూపించి, ఆ కథ అక్కడే నిలబడి చెప్పించండి. చెప్పింది రాసి పెట్టండి.